వేదిక ఎక్కనన్న అమ్మాయి

ఈ వారం ఉత్తరం నల్లగొండ జిల్లా దేవరకొండ వైపున్న ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల నుంచి వచ్చింది. రాసినవారు అక్కడ సాంఘిక శాస్త్రం చెప్పే టీచర్. పేరు, ఊరు బయటపెట్టవద్దని కోరారు. ఉత్తరం పెద్దది కాబట్టి కుదించి ఇస్తున్నాం.

ఆమె మిర్యాలగూడలో పెరిగారు. భూమి, చదువు రెండూ ఉన్న కుటుంబం. బడిలో సగానికి పైగా పిల్లలు చుట్టుపక్కల తండాల వాళ్లు. మిగతా వాళ్లలో ఎస్సీ, బీసీ పిల్లలు, కొన్ని ముస్లిం కుటుంబాల పిల్లలు ఉన్నారు. కొత్తగా వచ్చిన హెడ్మాస్టర్ "అందరి పండుగలూ మన బడిలో జరగాలి, మాది లేదని ఏ పిల్లా అనుకోవద్దు" అని ఏడాదంతటికీ ఒక చార్టు వేయించి, ఆ బాధ్యత ఈమెకు అప్పగించారు. తీజ్, బతుకమ్మ, క్రిస్మస్, సంక్రాంతి, లంబాడీల గురువు సేవాలాల్ జయంతి, రంజాన్, అంబేడ్కర్ జయంతి అన్నీ చార్టులోకి ఎక్కాయి. ఆమె ఎంతో ఇష్టంగా మొదలుపెట్టారు.

శ్రావణంలో తండాల పండుగ తీజ్ వచ్చింది. మండలం నుంచి అధికారులు వస్తున్నారని తొమ్మిదో తరగతి అమ్మాయిలను పేట్యా, కాంచళి (లంబాడీల లంగా, రవిక) వేసుకొచ్చి ఆడమన్నారు. ఒకమ్మాయి ఆడనంది. "మీ సంస్కృతికి నువ్వే సిగ్గుపడితే ఎట్లా?" అని టీచర్ గట్టిగానే అన్నారు. ఆ అమ్మాయి కొన్ని రోజులు బడికి రాలేదు. తర్వాత వాళ్ల నాయనమ్మ వచ్చి, "ఆ బట్టలు నీకు అంత మంచిగ అనిపిస్తే ఒక జత నేనే కుట్టిస్త టీచరమ్మా. నా పిల్లను మాత్రం ఆడియ్యకు" అని చెప్పి వెళ్లిపోయింది. పదో తరగతి అబ్బాయిలు కొందరు ఆ అమ్మాయిని తండా పేరుతో వెక్కిరిస్తున్నారని, అది చాలా రోజులుగా నడుస్తోందని టీచర్‌కు ఆ తర్వాతే తెలిసింది.

బతుకమ్మ నాడు, కిందటేడు దాకా ఆడిన ఇద్దరు ముస్లిం అమ్మాయిలు ఈసారి ఆడకుండా గోడ పక్కన నిలబడ్డారు. "వీళ్లు ఎప్పుడూ ఇంతే" అని ఒక సహోద్యోగి పిల్లలు వింటుండగానే అన్నారు. ఈమె ఏమీ మాట్లాడలేకపోయారు. సంక్రాంతి ముందు 'మన ఇంటి వంట' అని పెట్టారు. ఎనిమిదో తరగతి ఎస్సీ అమ్మాయి ఒకరు తెచ్చిన జొన్నరొట్టెలు, పుంటికూర డబ్బా సాయంత్రం నిండుగానే ఇంటికి వెళ్లింది. అదే పుంటికూర మరో ఇద్దరు తెస్తే నిమిషాల్లో ఖాళీ అయింది. రంజాన్ కార్యక్రమం సంగతి బయటికి తెలియగానే ఊరి కుర్రాళ్లు కొందరు టీచర్‌కే ఫోన్ చేసి "సర్కారు బడిలో ఇదేంది?" అని అడిగారు. స్టాఫ్ రూంలోనేమో "ఇన్ని పండుగలైతే సిలబస్ ఎప్పుడు?" అనే సణుగుడు.

"నాకు మంచి చేయాలనే ఉంది. కానీ చేసిన ప్రతి పనీ ఎవరికో ఒకరికి గుచ్చుకుంది. అన్నీ ఆపేయాలా? ఇలాగే కొనసాగించాలా? అసలు వాళ్ల పండుగలు జరపడానికి నేనెవరిని? ఈ సెలవుల్లో ఇదే టెన్షన్. బడి తెరిచేలోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి" అని ముగించారు.

టీచర్ గారూ,

మీకు జరిగినవి ఒకే రకం సంగతులు కావు. అన్నిటినీ 'పండుగల కార్యక్రమం' అనే ఒక్క పేరు కింద మోస్తున్నారు కాబట్టి ఇంత బరువుగా ఉంది. విడదీసి చూద్దాం. వీటిలో అన్నిటికంటే పెద్దదాన్ని మీరు ఉత్తరంలో రెండు మూడు లైన్లలోనే దాటేశారు. నేను అక్కడే మొదలుపెడతాను.

డబ్బా. ఆ రోజు పిల్లలకు పుంటికూర నచ్చక కాదు, పక్క డబ్బాలో అదే కూరను గీకి మరీ తిన్నారు. ఆ డబ్బా ఏ వాడ నుంచి వచ్చిందో వాళ్లకు తెలుసు. దీని పేరు అంటరానితనం. రాజ్యాంగం 17వ అధికరణంతో దాన్ని రద్దు చేసింది, 1955లో దాన్ని నేరంగా చూసే చట్టం కూడా వచ్చింది. ఈ రెండూ మీరు తరగతిలో చెప్పే విషయాలే. అందుకని దీన్ని 'వైవిధ్యం' ఖాతాలోనో, 'ఎవరి అలవాట్లు వాళ్లవి' అనే ఖాతాలోనో వేయకండి. వేస్తే, ఆ అమ్మాయికి జరిగిన అవమానం వంటకాల్లో తేడాగా మారిపోతుంది.

ఇప్పుడేం చేయొచ్చు? ఇంటి వంట కార్యక్రమాన్నే ఎత్తేయొచ్చు. దానివల్ల ఏ పిల్లా మళ్లీ నిండు డబ్బాతో ఇంటికి వెళ్లదు. అది చిన్న సంగతి కాదు, నిజమైన ఉపశమనమే. అయితే పిల్లల్లో ఉన్నది మాత్రం అలాగే ఉంటుంది, కాస్త లోపలికి పోతుంది అంతే. ఇంకో దారి, వచ్చే ఏడు మళ్లీ పెట్టి టీచర్లంతా ముందుగా ఆ డబ్బాలోంచే తినడం. చాలామందికి ఇదే తోస్తుంది. చేసేవాళ్ల మనసు మంచిదే కావచ్చు, కానీ ఆ అమ్మాయి అందరి కళ్ల ముందు ఒక ఉదాహరణ అయిపోతుంది. పదమూడేళ్ల పిల్ల అది కోరుకోదు. ఫొటో కూడా తీశారంటే అసలే వద్దు.

నేనైతే ఏడాదికోసారి వచ్చే వంటల రోజును పక్కన పెట్టి, రోజూ జరిగే మధ్యాహ్న భోజనాన్ని చూస్తాను. మీ బడిలో ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు? వడ్డించేటప్పుడు గరిటె ఎవరి చేతిలో ఉంటోంది? నీళ్ల దగ్గర ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారు? ఒక వారం పాటు ఏమీ అనకుండా గమనించండి. ఏదో ఒకటి కనబడుతుంది. ఆ తర్వాత వరుసలు మార్చడం, వడ్డించే వంతులు అన్ని వాడల పిల్లలకూ వచ్చేలా వేయడం, మీరూ వాళ్లతోపాటే పళ్లెం పట్టుకుని కూర్చోవడం మీ చేతిలో ఉన్న పనులు. ఒకరిద్దరు తల్లిదండ్రులు గొడవకు రావచ్చు. వస్తే హెడ్మాస్టర్ పక్కన ఉండాలి కాబట్టి, మొదలుపెట్టేముందే ఆయనకు చెప్పండి. పిల్లలను మాత్రం తిట్టకండి. వాళ్లు ఇది ఇంట్లో నేర్చుకున్నారు, బడిలో మరోటి నేర్చుకోగలరు.

కురుమూర్తి జాతర మీ పిల్లల్లో కొందరికైనా తెలిసే ఉంటుంది. దీపావళి తర్వాత పాలమూరు వైపు జరుగుతుంది. స్వామి ఉద్దాలను (పాదుకలను) వడ్డెమాన్‌లో తయారు చేసేది తోలు పని తెలిసిన దళిత కుటుంబాలే. ఊరేగింపుగా వచ్చే ఆ ఉద్దాలను మొక్కడానికి జనం వేలల్లో కదులుతారు. ఆ చేతులు కుట్టిన ఉద్దాలకు దండం పెట్టి, ఆ ఇళ్లలో చేసిన రొట్టెను వదిలేయడం ఏమిటని పిల్లలనే అడగండి. జవాబు మీరు చెప్పకండి. తొమ్మిది, పది తరగతుల వాళ్లు దాని మీద ఒక పీరియడ్ మొత్తం మాట్లాడగలరు.

ఇక తీజ్ నాటి అమ్మాయి.

తండాలో తీజ్ ఎలా జరుగుతుందో మీకు కొంత తెలిసే ఉంటుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు నింపి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు నిష్ఠగా నీళ్లు పోస్తూ, పాడుతూ, ఆడుతూ ఆ మొలకలను పెంచుతారు. చివరి రోజు చెరువులోనో వాగులోనో వదులుతారు. మొదలుపెట్టాలంటే తండా పెద్దలు, నాయక్ సరేననాలి. పాటలు వాళ్ల భాష గోర్ బోలిలో ఉంటాయి. అవ్వలు దగ్గరుండి నేర్పుతారు, అన్నదమ్ములు ఆటపట్టిస్తారు, చివరి రోజు ఏడుపులు కూడా ఉంటాయి. అదంతా తమ వాళ్ల మధ్య జరిగేది. అందులోంచి ఒక ఆటను మాత్రం తీసి, కుర్చీల్లో కూర్చున్న అధికారుల ముందు, వెక్కిరించే అబ్బాయిల ముందు ఆడమంటే ఆ అమ్మాయి వద్దంది. మీరు దాన్ని సిగ్గు అన్నారు. నాకైతే ఆ పిల్లకు తన పండుగ విలువ బాగానే తెలుసనిపిస్తోంది.

ఆ బట్టల సంగతి కూడా ఆలోచించండి. ఇవాళ తండాల్లో రోజూ పేట్యా, కాంచళి, టుక్రీ వేసుకునేది ఎక్కువగా పెద్దవాళ్లు. మీ బడి పిల్లలు యూనిఫాంలో, చుడీదార్లలో పెరిగారు. ఇంట్లో పెళ్లికో పండుగకో ఇష్టపడి వేసుకోవడం వేరు. బడిలో 'మీరు ఇలాగే ఉంటారు' అని చూపించడానికి వేసుకోవాల్సి రావడం వేరు. ఆ నాయనమ్మ చెప్పింది ఇదే. కాకపోతే తక్కువ మాటల్లో చెప్పింది.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతికి వస్తుంది. మీరు ఏమీ అనకుండా వదిలేస్తే ఆ సంగతి మెల్లగా చల్లారిపోవచ్చు. కానీ మీ పీరియడ్‌లో ఆమె చెయ్యెత్తి ప్రశ్న అడగడం ఆగిపోయిందా? అయితే అది చల్లారినట్టు కాదు. పక్కకు పిలిచి "ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది" అని ఒక్కమాట చెప్పొచ్చు. వివరణలు వద్దు, మంచి ఉద్దేశంతోనే అన్నానని సర్దిచెప్పడం అసలే వద్దు. ఆ మాటకు ఆమె ఏమీ అనకపోవచ్చు. ఫర్వాలేదు. తండాకు వెళ్లి నాయనమ్మతో మాట్లాడటం మూడో దారి. ముందుగా కబురు చేసి వెళ్తే మంచిదే, కానీ టీచర్ ఇంటికి రావడం ఆ అమ్మాయికి ఇబ్బందిగా ఉంటుందేమో ముందే అడగండి. వచ్చే శ్రావణంలో తీజ్‌కు వాళ్లు రమ్మంటే వెళ్లండి. మామూలు మనిషిలా ఒక పక్కన కూర్చుని చూడండి. సన్మానం, శాలువా, ఫోన్‌లో వీడియో ఏవీ లేకుండా.

ఇంతకంటే ముందు చేయాల్సిన పని ఆ అబ్బాయిల సంగతి. వాళ్లు పదో తరగతి దాటిపోయినా, కింది తరగతుల వాళ్లు ఆ మాటలు నేర్చుకునే ఉంటారు. తండాను తిట్టుగా, కులాన్ని తిట్టుగా వాడటం బడిలో నడవదని ప్రార్థన సమయంలో ఒకసారి హెడ్మాస్టర్ చెప్పాలి. తర్వాత ఎవరు అన్నా, ఆ నిమిషంలోనే ఆపాలి. ఏడాదికొకసారి సేవాలాల్ ఫొటోకు దండ వేసి, వరండాలో ఆ తిట్టు విని కూడా విననట్టు వెళ్లిపోతే, పిల్లలు దండను మరిచిపోతారు. తిట్టునే గుర్తుపెట్టుకుంటారు.

బతుకమ్మ నాటి సంగతిలో నా ఆలోచన మీకు కొంచెం కొత్తగా అనిపించవచ్చు. ఆ ఇద్దరమ్మాయిలు ఆడకపోవడం సమస్య కాదు. వాళ్ల ఇంట్లో ఏదో మాట అనుకున్నారు, లేదా వాళ్లకే ఈసారి ఆడాలనిపించలేదు. పసుపుతో గౌరమ్మను చేసి మొక్కే పండుగ అది, మనకు అది పూలపండుగ మాత్రమే అనిపించినా మొక్కు మొక్కే. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మత బోధన కుదరదు, గుర్తింపు ఉన్న ఏ బడిలోనూ పిల్లలను ఇంటివాళ్ల సమ్మతి లేకుండా పూజలో పాల్గొనమని బలవంతం చేయకూడదు. ఆడటం ఎంత స్వేచ్ఛో, ఆడకపోవడం కూడా అంతే.

మనవాళ్లు ఒకమాట తరచుగా అంటుంటారు. "మా చిన్నప్పుడు హిందువులు, ముస్లింలు తేడా లేకుండా అందరం ఆడేవాళ్లం, ఇప్పుడే ఇలా అయింది" అని. అది నిజమే, అందమైన నిజం. కానీ దాన్ని ఇవాళ్టి పిల్లల మీద బాకీగా పెట్టకండి. పీర్ల పండుగలో పీర్లను ఎత్తేవాళ్లలో, గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులు ఎందరో ఉంటారు. ముస్లిం కుటుంబాల్లోనే దాన్ని పాటించని వాళ్లూ ఉంటారు. అది వాళ్ల విశ్వాసం. ఎవరి గడప ఎక్కడ ఉందో వాళ్లనే చెప్పనివ్వాలి.

వచ్చే బతుకమ్మకు మీరు చేయగలిగింది చిన్నదే. ముందు రోజు ఆ అమ్మాయిలను ఎవరూ వినకుండా "రేపు మీకెట్లా ఉంటే బాగుంటది?" అని అడగండి. తంగేడు, గునుగు తెచ్చి పూలు పేర్చుతామనొచ్చు. లైబ్రరీలో కూర్చుంటామనొచ్చు. చూస్తామనొచ్చు. చూస్తామంటే నలుగురితో పాటు కుర్చీ వేయండి, గోడ పక్కన నిలబడనివ్వకండి. ఏమీ చెప్పకపోతే రెట్టించవద్దు.

సమస్య ఉన్నది మీ సహోద్యోగి మాటలో. "వీళ్లు ఎప్పుడూ ఇంతే" అన్నప్పుడు ఆ ఇద్దరే కాదు, చుట్టూ ఉన్న పిల్లలందరూ విన్నారు. మీరు మౌనంగా ఉండటం కూడా చూశారు. ఇలాంటప్పుడు మాట వెంటనే రాకపోవడం అందరికీ ఉండేదే, అందుకే ముందే ఒక మాట సిద్ధంగా పెట్టుకోండి. "సార్, పిల్లలు వింటున్నారు. వాళ్లిష్టం వాళ్లది" అంటే చాలు. గొంతు పెంచనక్కర్లేదు. తర్వాత ఒంటరిగా మాట్లాడండి. ఆయన నొచ్చుకుంటారు, కొన్ని వారాలు స్టాఫ్ రూంలో మీతో ముభావంగా ఉండొచ్చు. అది మీరు భరించాల్సిన ఖరీదు. ఏమీ అనకపోతే ఆ ఖరీదును ఆ ఇద్దరమ్మాయిలే చెల్లిస్తారు. తోడు నిలబడటం అంటే చాలాసార్లు ఇలాగే ఉంటుంది. వేదిక మీద మైకులో చెప్పే మాటలకు ఏ కష్టమూ లేదు, పక్క కుర్చీలో కూర్చునే మనిషితో చెప్పే మాటకు కష్టం ఉంది.

ఫోన్ చేసిన కుర్రాళ్ల గురించి ఎక్కువ రాయను. ఆ జవాబు మీరు ఒంటరిగా, మీ సొంత ఫోన్‌లో చెప్పకూడదు. "బడికి రండి, హెడ్మాస్టర్ గారితో, బడి కమిటీతో మాట్లాడండి" అని పెట్టేయండి. కార్యక్రమాల జాబితా హెడ్మాస్టర్ సంతకంతో కాగితం మీద ఉండాలి. కానీ ఒక్క విషయంలో మీ లెక్క సరిగ్గా ఉండాలి. రంజాన్ గురించి చెప్పేటప్పుడు బడిలో ప్రార్థన లేదు, పండుగ గురించి పాఠం మాత్రమే అంటారు కదా, అదే కొలత వినాయక చవితికి, సరస్వతి పూజకు, బతుకమ్మకు, క్రిస్మస్‌కు కూడా వేయగలరా? అందరికీ ఒకటే గీత గీస్తే మీ మాటకు బలం ఉంటుంది. ఒకరికి పూజ, ఒకరికి పాఠం అయితే ఆ కుర్రాళ్లకు మీరు చెప్పే జవాబు నిలబడదు. ఈ గీత గీయడం మీ బడిలో అంత తేలిక కాదని తెలుసు. కొబ్బరికాయ కొట్టడం మానేద్దామంటే కొందరు పెద్దమనుషులకు కోపం వస్తుంది. అందుకే ఇది మీరు తేల్చాల్సింది కాదు, హెడ్మాస్టర్, స్టాఫ్, కమిటీ కలిసి తేల్చాల్సింది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఆపేయాలా?

ఆపేస్తే మీకు మనశ్శాంతి ఉంటుంది, సిలబస్ సణుగుడు ఆగుతుంది. అయితే నిజంగా ఆగేవి ఏవో చూడండి. మీ చార్టు రాకముందు కూడా మీ బడిలో సరస్వతి పటం ఉంది, బతుకమ్మ జరిగింది, సంక్రాంతి ముగ్గులు పడ్డాయి. 'అన్నీ ఆపేద్దాం' అంటే ఆగేవి కొత్తగా వచ్చిన తీజ్, రంజాన్, సేవాలాల్ జయంతి మాత్రమే. తండా పిల్లలకు, ముస్లిం పిల్లలకు అది ఎలా కనబడుతుంది? ఒక ఏడాది పిలిచి, గొడవవుతుందని తలుపేసినట్టు కనబడుతుంది. ఆపడమే మంచిదనుకుంటే పిల్లలకు కారణం చెప్పి ఆపండి.

ఉన్నదున్నట్టు కొనసాగిస్తే హెడ్మాస్టర్‌కు సంతోషం, ఫొటోలు బాగుంటాయి, కొందరు పిల్లలకు నిజంగానే ఆనందం ఉంటుంది. వేదిక అంటే ఇష్టమున్న పిల్లలు తండాల్లోనూ ఉంటారు, వాళ్ల ఉత్సాహాన్ని తక్కువ చేయను. కానీ ఒక్కో సమాజానికి ఒక్కో రోజు, ఒక్కో డ్రస్సు అన్నట్టు తయారవుతుంది. ఆ రోజు గడిచిపోగానే లెక్క తీరిపోయిందనిపిస్తుంది.

నా మొగ్గు మూడోదాని వైపు. కార్యక్రమాలు తగ్గించి, ఆ విషయాన్ని పాఠంలోకీ బడి రోజువారీ నడకలోకీ తేవడం. మీరు సాంఘిక శాస్త్రం చెబుతారు కాబట్టి మీకున్నంత వీలు ఎవరికీ లేదు. నల్లగొండ చరిత్రే చూడండి. జనగామ తాలూకా ఆ రోజుల్లో నల్లగొండ జిల్లాలోనే ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940లో ప్రాణం పోగొట్టుకున్న కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ ముస్లిం. 1946 జులై 4న కడివెండిలో ఆ గడీ మనుషుల తుపాకీ గుండుకు పడిపోయిన దొడ్డి కొమరయ్య కురుమ. పాలకుర్తిలో తన పంటను వదలని ఐలమ్మ చాకలి. అదే తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్ తండా మనిషి. ఒకే ప్రాంతం, ఒకే దొరతనం, ఒకరి కోసం ఒకరు. మీ తరగతిలో చాలామంది పిల్లలకు ఈ కథలో తమ వాళ్లు ఒకరు కనబడతారు. దీనికి డ్రస్సులు అక్కర్లేదు.

ఊరి సంగతులను పిల్లల చేతే రాయించండి. పీర్ల పండుగకు మలీద చేస్తారు, సద్దుల బతుకమ్మకు కూడా చాలా ఇళ్లలో రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు చేస్తారు. 'మీ ఇంట్లో ఎప్పుడు, ఎవరు చేస్తారు?' అని ఇంట్లో అడిగి రాసుకురమ్మంటే, ఒక్కో నోటుబుక్కులో ఒక్కో జవాబు వస్తుంది. పాలకీడు దగ్గర జాన్‌పహాడ్ దర్గాకు జనవరి ఉర్సులో ఎవరెవరు వెళ్తారో, ఏం మొక్కుకుంటారో అడగండి. సాగర్ దగ్గర బుద్ధవనం మీకు దూరం కాదు, ఒక రోజు తీసుకెళ్లొచ్చు. తండాల నుంచి ఒక అవ్వను, మసీదు దగ్గరి ఇళ్ల నుంచి ఒక తాతను, చర్చికి వెళ్లే వాళ్లలో ఒకరిని తరగతికి పిలిచి వాళ్లకు తోచింది చెప్పమనండి. వాళ్లు పండుగ గురించే చెప్పనక్కర్లేదు. పాలమూరు లేబర్ అని దేశమంతా తెలిసినట్టే, మీ వైపు వాళ్లు కూడా పనికి ఎంతో దూరం పోయి వచ్చినవాళ్లే. అక్కడ ఏ భాషలో మాట్లాడారో, పండుగకు ఊరికి ఎట్లా చేరుకున్నారో చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. ఈ పద్ధతిలో చప్పుడు తక్కువ. అధికారులకు చూపించడానికి ఏమీ ఉండదు. ఫలితం కనబడటానికి ఏళ్లు పట్టొచ్చు. అది మీ హెడ్మాస్టర్‌కు మొదట నచ్చకపోవచ్చు కాబట్టి, ఏడాదికి రెండు వేదిక కార్యక్రమాలు ఉంచుదామని, వాటిలో ఏముండాలో పిల్లలు, వాళ్ల ఇళ్లవాళ్లు తేల్చుతారని చెప్పి చూడండి. నచ్చిన వాళ్లే వేదిక ఎక్కుతారన్న షరతు ముందే పెట్టండి.

"నేనెవరిని?" అన్నారు. మీరు వాళ్ల పండుగలకు పెద్ద కానక్కర్లేదు. కానీ టైంటేబుల్ వేసేది మీరు, హాజరు పట్టీ మీ దగ్గరుంది, ఏ తిట్టును ఆపాలో ఏ నవ్వును ఆపాలో మీ చేతిలో ఉంది. భూమి, చదువు ఉన్న ఇంట్లో పుట్టడం వల్ల మీ మాట స్టాఫ్ రూంలోనూ కమిటీలోనూ కొంచెం ఎక్కువ చెల్లుతుంది. అందుకు నొచ్చుకుంటూ కూర్చోకండి, దాన్ని వాడండి.

బడి తెరిచిన మొదటి వారంలోనే ఒక పని చేయండి. యూనిట్ టెస్టులు, ఆటల పోటీలు, తల్లిదండ్రుల సమావేశాల తేదీలు వేసేముందు, ప్రతి తరగతిలో పిల్లలను "మీ ఇంట్లో ముఖ్యమైన రోజులు ఏవి?" అని చీటీల మీద రాయించండి. తీజ్ చివరి రోజు ఒక్కో తండాలో ఒక్కోలా పడుతుంది, వాళ్లు చెబితే తప్ప మనకు తెలియదు. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, కిందటేటి చార్టు పనికిరాదు. ఉపవాసం ఉన్న పిల్లలను ఎండలో పరుగులు పెట్టించే రోజులు ఏవో ముందే తెలిస్తే మార్చుకోవచ్చు. గుడ్‌ఫ్రైడే, సేవాలాల్ జయంతి ఫిబ్రవరి 15, అంబేడ్కర్ జయంతి ఏప్రిల్ 14, ఊరి జాతరలు అన్నీ ఆ చీటీల్లో వస్తాయి. అన్నిటికీ సెలవు ఇవ్వలేరు, అది మీ చేతిలో లేదు. ఆ రోజుల్లో పరీక్ష పెట్టకుండా ఉండటం, రాలేని పిల్లకు తర్వాత రాసే వీలు ఇవ్వడం మీ చేతిలో ఉంది. చీటీల మీద పేర్లు రాయించకండి, తరగతి రాస్తే చాలు. హెడ్మాస్టర్ గారి చార్టు పక్కనే ఆ తేదీల పట్టీని స్టాఫ్ రూంలో అంటించండి. సిలబస్ గురించి సణిగిన సార్‌ను కూడా ఆ పట్టీ తయారీలో కూర్చోబెట్టండి. తేదీలు సర్దితే గైర్హాజరు తగ్గుతుంది, చెప్పిన పాఠం మళ్లీ చెప్పే పని ఆయనకే తప్పుతుంది.